పుస్తకాలు అమ్ముడుపోయాయి, రాసినవాళ్లు పస్తులున్నారు: లండన్ కిరాయి రచయితల జమాఖర్చు

1590లలో లండన్‌లో ఒక చిన్న పుస్తకం రాసి ముద్రాపకుడి చేతిలో పెడితే రచయితకు మామూలుగా ముట్టేది 40 షిల్లింగులు. కేంబ్రిడ్జి విద్యార్థులు ఆ రోజుల్లోనే ఆడిన ఒక నాటకంలో జాన్ డాంటర్ అనే ముద్రాపకుణ్ణి అసలు పేరుతోనే పాత్రను చేసి, అతని చేత ఒక రచయితతో బేరమాడించారు. 40 షిల్లింగులు ఇస్తాను, పైన కాస్త వైను కూడా పోయిస్తాను అంటాడతను. చూస్తున్నవాళ్లందరికీ ఆ రేటు తెలిసినదే.

12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఆ దశకంలో లండన్‌లో పనితనం తెలిసిన వడ్రంగికో తాపీమేస్త్రీకో రోజుకూలి దాదాపు 16 పెన్నీలు. 40 షిల్లింగులంటే 480 పెన్నీలు, మేస్త్రీకి 30 రోజుల కూలి. రచయిత ఆ మేస్త్రీ పాటి బతుకు బతకాలంటే నెలకో పుస్తకం రాయాలి, రాసిన ప్రతిదాన్నీ అమ్ముకోవాలి. అది ఎవరివల్లా కాలేదు.

వీళ్ల పేదరికాన్ని తాగుడు మీదా దుబారా మీదా నెట్టేయడం ఆనాటి నుంచీ ఉంది. తాగినవాళ్లు ఉన్నారు, కాదనలేం. కానీ డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో వరసగా చూస్తే, బుద్ధిగా బతికినవాళ్లు కూడా అప్పుల కింద జైలుకు చేరిన సంగతి బయటపడుతుంది. నా దృష్టిలో అసలు చిక్కంతా హక్కు ఎవరి పేరున నమోదైంది, డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది అన్న రెండు చోట్లే ఉంది.

ఒక పుస్తకం లెక్క

అప్పటి చౌక పుస్తకాలు ఎక్కువగా క్వార్టో సైజువి. ఒక పెద్ద కాగితాన్ని రెండుసార్లు మడిస్తే 4 ఆకులు, 8 పేజీలు. మన అచ్చాఫీసుల మాటలో అది ఒక ఫారం. ఖర్చూ ధరా అన్నీ ఫారాల మీదే నడిచేవి. మామూలు అక్షరాలతో వేసిన పుస్తకాన్ని రెండు ఫారాలకు ఒక పెన్నీ మించి అమ్మకూడదని 1598లో స్టేషనర్స్ కంపెనీ తన సభ్యులకు హద్దు పెట్టింది. ఒక కూర్పు నుంచి మామూలుగా 1,250 నుంచి 1,500 ప్రతులకు మించి తీయకూడదని 1587లోనే ఇంకో నిబంధన తెచ్చింది. అదే అక్షరాల పొందిక నుంచి వేలకు వేలు తీసేస్తే కంపోజిటర్లకు పని ఉండదన్నది దీని వెనక ఆలోచన.

8 ఫారాల పుస్తకం అనుకుందాం. 64 పేజీలు, ధర 4 పెన్నీలు. 1,000 ప్రతులు అమ్ముడైతే 4,000 పెన్నీలు, అంటే 16 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. అందులోంచి కాగితం కొనాలి. అది చాలావరకు ఫ్రాన్సు నుంచి ఓడల్లో వచ్చేది, ఖర్చులో పెద్ద పద్దు అదే. కంపోజిటర్, మిషను నడిపే ఇద్దరు, అమ్మే దుకాణం వాడి కమీషను ఆ తర్వాత. రచయితకిచ్చే 2 పౌండ్లు ఇందులో 12 శాతం. వినడానికి ఇది అన్యాయంగా లేదు. ఈనాటి రాయల్టీ శాతాలతో పోల్చినా తక్కువేమీ కాదు.

అన్యాయం రెండో ముద్రణ దగ్గర మొదలవుతుంది. మూడో ముద్రణకు పోయినా, పదేళ్లపాటు అమ్ముడుపోతూనే ఉన్నా రచయితకు మరో పెన్నీ రాదు.

హక్కు ఎవరిది

లండన్‌లో ముద్రాపకులు, పుస్తక విక్రేతలు అంతా కలిసిన సంఘం స్టేషనర్స్ కంపెనీ. 1557లో దానికి రాజముద్ర పడింది. ఒక పుస్తకం మీద హక్కు కావాలంటే కంపెనీ సభ్యుడు అధికారి అనుమతి తెచ్చుకుని, రిజిస్టరులో పేరు రాయించుకుని, రుసుము కట్టాలి. శతాబ్దం చివరినాటికి ఆ రుసుము 6 పెన్నీలు. ఆ క్షణం నుంచి ఆ పుస్తకం అతని ఆస్తి. కొడుక్కు రాసివ్వొచ్చు, తాకట్టు పెట్టొచ్చు, ఇంకో సభ్యుడికి అమ్మొచ్చు. రచయితలు కంపెనీ సభ్యులు కారు కాబట్టి ఆ రిజిస్టరులో సొంతదారులుగా వాళ్ల పేరు పడే వీలే దాదాపు లేదు.

ఇందులో ఇంకో పొంచి ఉన్న ప్రమాదం ఉంది. రాతప్రతి ఎలా చేతికొచ్చిందని కంపెనీ పెద్దగా అడిగేది కాదు. స్నేహితులు చదువుకోవడానికి తీసుకెళ్లిన నకలు దుకాణానికి చేరితే, అది నమోదై అచ్చయ్యేది. రాసినవాడు ఇష్టపడ్డా పడకపోయినా వేసేస్తారని, పుస్తకం పేరు కూడా తమకు నచ్చినట్టు మార్చేస్తారని జార్జ్ విదర్ అనే కవి 1620లలో బాహాటంగా వాపోయాడు. పేరు విషయంలో విక్రేతలకు అంత పట్టుదల ఎందుకంటే, టైటిల్ పేజీని విడిగా అచ్చేసి గోడలకు, గుంజలకు అంటించేవారు. అదే వాళ్ల ప్రకటన. అమ్ముడుపోని ఫారాలు మిగిలితే కొత్త టైటిల్ పేజీ ఒక్కటి అతికించి కొత్త పుస్తకంగా మళ్లీ అంగట్లో పెట్టడం కూడా మామూలే.

గ్రీన్ కథ

రాబర్ట్ గ్రీన్ కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ రెండింటి నుంచీ ఎం.ఏ. పట్టా పొందినవాడు. చర్చి ఉద్యోగాలకు మించి పట్టభద్రులు తయారైన కాలమది. కొలువు దొరకనివాళ్లు లండన్ దారి పట్టారు. గ్రీన్ అక్కడ ప్రేమకథలు, నాటకాలు, చివర్లో నగరంలోని మోసగాళ్ల గుట్టు విప్పే చిన్న పుస్తకాలు రాశాడు. అవి బాగా అమ్ముడుపోయాయి. ఒక పగలూ ఒక రాత్రిలో పుస్తకం లాగించేసేవాడని, అతని బుర్రలో మిగిలిన మడ్డికి కూడా ముద్రాపకులు మంచి ధర పెట్టేవారని స్నేహితుడు థామస్ నాష్ రాశాడు. అంటే గిరాకీ విషయంలో గ్రీన్‌కు లోటు లేదు.

అతను 1592 సెప్టెంబరు 3న డౌగేట్ దగ్గర ఒక చెప్పులు కుట్టేవాడి ఇంట్లో చనిపోయాడు. ఆ ఇంటివాళ్లకు 10 పౌండ్లు బాకీ. వీళ్లే ఆదుకోకపోతే తాను వీధిలో పడి చచ్చేవాడినని, ఈ బాకీ తీర్చమని ఎప్పుడో వదిలేసిన భార్యకు ఉత్తరం రాశాడు. కత్తి, పైచొక్కా, కాళ్లతొడుగులు కలిపి అమ్మితే 3 షిల్లింగులు వచ్చాయి. శవం మీద కప్పిన గుడ్డకు 4 షిల్లింగులు, పాతిపెట్టడానికి 6 షిల్లింగుల 4 పెన్నీలు. ఈ వివరాలు మనకు చెప్పినవాడు గేబ్రియల్ హార్వే, గ్రీన్ అంటే పడనివాడు. దెప్పిపొడవడానికి రాసిన మాటల్లోంచి తీసుకుంటున్నామన్న ఎరుకతోనే వీటిని చదవాలి.

గ్రీన్ ఒకే నాటకాన్ని ఒక నాటక సమాజానికి 20 నోబుల్స్‌కు, అంటే 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలకు అమ్మి, వాళ్లు ఊళ్లు తిరగడానికి వెళ్లగానే ఇంకో సమాజానికి మళ్లీ అమ్మాడన్న ఆరోపణ అదే ఏడు అచ్చులో వచ్చింది. నిజమే అయితే అది మోసమే. కానీ ఒకసారి అమ్మితే మళ్లీ పైసా రాని ఏర్పాటులో రెండోసారి డబ్బు చూడడానికి మిగిలిన దారి కూడా అదొక్కటే.

అంకితాల బేరం

పుస్తకం అమ్మిన డబ్బు చాలదు కాబట్టి అంకితం మీద ఆశ పెట్టుకునేవారు. మన ప్రబంధాల కృతిభర్త లాంటి బంధం కాదిది. చాలాసార్లు ఆ ప్రభువుకు రచయిత ముఖమైనా తెలియదు. ప్రతి పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే, లోపలి నుంచి ఎంతో కొంత వస్తే వచ్చినట్టు.

రిచర్డ్ రాబిన్సన్ అనే అనువాదకుడు తనకు ఏ పుస్తకానికి ఎంత వచ్చిందో పద్దులు రాసి ఉంచాడు. ఈ విషయంలో అంతకన్నా విలువైన కాగితం నాకు కనిపించలేదు. ముద్రాపకుడు అతనికి చాలాసార్లు రొక్కం ఇవ్వలేదు, 25 ప్రతులో 26 ప్రతులో చేతిలో పెట్టాడు. వాటిని రాబిన్సన్ ఇల్లిల్లూ తిరిగి పరిచయస్థులకు ఇచ్చి, వాళ్లిచ్చింది పుచ్చుకున్నాడు. ఒక పుస్తకం అంకితం అందుకుని, కవీ రాజాస్థాన ప్రముఖుడూ అయిన ఫిలిప్ సిడ్నీ 4 ఏంజెల్ నాణేలు ఇచ్చాడు, అంటే 40 షిల్లింగులు. సిడ్నీ తండ్రి 10 షిల్లింగులు ఇచ్చాడు. ఎలిజబెత్ రాణికి ఒక పుస్తకం సమర్పిస్తే, తాను పురమాయించిన పని కాదు కాబట్టి కూలి ఆశించవద్దని కబురొచ్చింది.

దీన్ని వాడుకునే టక్కరులూ పుట్టుకొచ్చారు. ఏ పాత రాతనో అచ్చేయించి, అంకితం పేజీలో మాత్రం ఒక్కో ప్రతికి ఒక్కో పేరు మార్చి, ఊళ్లు తిరిగి ఒక్కో దొర దగ్గరా డబ్బు గుంజేవాళ్ల పద్ధతిని నాటక రచయిత థామస్ డెక్కర్ 1608లో పూసగుచ్చినట్టు వివరించాడు. అలా మోసపోయిన దొరలు తర్వాత వచ్చిన నిజమైన రచయితకు తలుపు తీయలేదు.

నాటకం, బయానా

పుస్తకం కంటే నాటకం నయం. రోజ్ నాటకశాల యజమాని ఫిలిప్ హెన్‌స్లో ఖాతా పుస్తకం ఇప్పటికీ డల్విచ్ కాలేజీలో ఉంది. 1590ల చివర్లో కొత్త నాటకానికి మామూలు ధర 6 పౌండ్లు. చిక్కేమిటంటే, ఎప్పటికప్పుడు కొత్త ఆట కావాలి కాబట్టి ముగ్గురు నలుగురు కలిసి రాసేవారు. నలుగురైతే తలా 30 షిల్లింగులు. అదీ ఒక్కసారి రాదు. ముందు బయానా, రెండు అంకాలిచ్చాక కొంత, పూర్తయ్యాక మిగతాది. బయానా తీసుకున్న రోజే అద్దెకూ రొట్టెకూ అయిపోయేది. పని ముగిసేసరికి రావాల్సింది తక్కువ, తీర్చాల్సింది ఎక్కువ. దాంతో రెండో నాటకానికి బయానా తీసుకుని మొదటిది ముగించేవారు.

రాబర్ట్ డాబోర్న్ 1613 ఏప్రిల్ 17న హెన్‌స్లోతో చేసుకున్న ఒప్పందం ఈ యంత్రాన్ని దగ్గర నుంచి చూపిస్తుంది. ధర అప్పటికి పెరిగి 20 పౌండ్లు. చేతిలో 6 పౌండ్లు, మూడు అంకాలు అందాక 4, చివరి రంగం అందాక 10. గడువు తప్పింది. ఆ తర్వాత ఉత్తరాల మీద ఉత్తరాలు. ఇన్ని కాగితాలు సాపు రాసి పంపిస్తున్నాను, ఇంకో 20 షిల్లింగులు పంపండి అని. ఆ కాలంలోదే ఇంకో ఉత్తరం డాబోర్న్, నేథన్ ఫీల్డ్, ఫిలిప్ మాసింజర్ ముగ్గురూ కలిసి నిర్బంధంలోంచి రాశారు. నాటకానికి మాకింకా 10 పౌండ్లు రావాలి, అందులో 5 ఇప్పుడే ఇస్తే జామీను మీద బయటపడతాం, లేదంటే మీ నాటకమూ ఆగిపోతుంది అని. హెన్‌స్లో ఆ 5 పౌండ్లు పంపాడు. రశీదు అదే కాగితం మీద ఉంది.

హెన్‌స్లోను పిసినారిగా, రక్తం పీల్చే మనిషిగా చిత్రించినవాళ్లున్నారు. నాకైతే అతను అప్పిచ్చి మనుషుల్ని కట్టేసుకున్న వ్యాపారిగా కనిపిస్తాడు. జైల్లో ఉన్న రచయిత నాటకం పూర్తి చేయలేడు, కాబట్టి విడిపించడం అతని అవసరమే. 1598 ఫిబ్రవరిలో డెక్కర్‌ను పౌల్ట్రీ వీధిలోని కౌంటర్ జైలు నుంచి విడిపించడానికి 40 షిల్లింగులు ఇచ్చినట్టు అదే ఖాతాలో పద్దు ఉంది.

జైలు ఎందుకంత సులువు

ఫలానావాడు నాకింత బాకీ అని అప్పులవాడు కోర్టు నుంచి కాగితం తెచ్చుకుంటే చాలు. విచారణకు ముందే బంట్రోతులు వీధిలో భుజం మీద చెయ్యి వేసి పట్టుకుపోవచ్చు. బాకీ తీరేదాకా, లేదా ఎవరైనా జామీను నిలిచేదాకా బయటికి రాలేడు. లోపల ఉండడానికి కూడా డబ్బు కట్టాలి. లండన్ కౌంటర్ జైళ్లలో నాలుగు తరగతులు: మాస్టర్స్ సైడ్, నైట్స్ సైడ్, టూపెన్నీ వార్డు, చివరికి హోల్ అనే చీకటి గది. డబ్బు తగ్గేకొద్దీ కిందికి దిగుతారు. బయట ఉంటేనే రాసి సంపాదించగలిగేవాణ్ణి సంపాదన లేనిచోట పెట్టి, రోజూ ఖర్చు పెంచే ఏర్పాటిది. డెక్కర్ 1612లో కింగ్స్ బెంచ్ జైలుకు వెళ్లి 1619 దాకా రాలేదు. ఏడేళ్లు.

అప్పు బాధ తప్పించుకున్నా ప్రభుత్వం బాధ ఉండేది. 1597లో 'ఐల్ ఆఫ్ డాగ్స్' నాటకం మీద అధికారులకు ఆగ్రహం వచ్చినప్పుడు, దాన్ని రాసినవాళ్లలో ఒకడైన నాష్ గ్రేట్ యార్మత్‌కు పారిపోయాడు. ఇంకొకడు బెన్ జాన్సన్ జైలుకెళ్లాడు. 1599 జూన్ 1న ఆర్చిబిషప్పు, లండన్ బిషప్పు ఇచ్చిన ఉత్తర్వు నాష్ పుస్తకాలు, హార్వే పుస్తకాలు ఎక్కడున్నా స్వాధీనం చేసుకోవాలని, ఇకమీదట ఎప్పుడూ అచ్చు వేయకూడదని చెప్పింది. రాత తప్ప వేరే ఆధారం లేని మనిషికి అది జీవనాధారం తీసేయడమే. 1601 నాటికి నాష్ లేడు. ముప్పై నాలుగేళ్లు కూడా సరిగా నిండి ఉండవు.

గ్రబ్ స్ట్రీట్ నాటికి

1695లో ముందస్తు అనుమతి చట్టం గడువు తీరిపోయింది, మళ్లీ పొడిగించలేదు. ప్రెస్సులు, పత్రికలు పెరిగాయి. 1710 నాటి చట్టం మొదటిసారిగా హక్కు రచయితదని రాసింది: కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, అప్పటికి రచయిత బతికుంటే మరో 14. కాగితం మీద ఇది పెద్ద మలుపు. ఆచరణలో ఆ హక్కును విక్రేత రాతప్రతితోపాటే గుత్తగా కొనేసేవాడు. అద్దె కట్టాల్సిన మనిషి 14 ఏళ్ల తర్వాతి ఆదాయం కోసం బేరమాడలేడు.

క్రిపుల్‌గేట్ దగ్గరి గ్రబ్ స్ట్రీట్ పేరు ఇలాంటి రాతకంతటికీ మారుపేరు అయిపోయింది. చిన్న చరిత్రలు, నిఘంటువులు, తాత్కాలిక పద్యాలు రాసేవాళ్లు ఉండే వీధి అని శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో ఎక్కించాడు. 1830లో దానికి మిల్టన్ స్ట్రీట్ అని పేరు మార్చారు. పని తీరు కూడా మారింది. ఇప్పుడు కొలత ప్రకారం కూలి. పద్యానికి వంద పంక్తుల లెక్క, పత్రికా సమీక్షకు ఫారం లెక్క. 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' పెట్టిన ఎడ్వర్డ్ కేవ్ వందకు ఒప్పుకుని, పాత కొలతలోని పెద్ద వందను, అంటే 120 పంక్తులను ఆశించేవాడని జాన్సన్ చెప్పాడు.

కేవ్‌కు అలా పద్యాలు రాసినవాడు శామ్యూల్ బోయిస్. ఒంటి మీది బట్టలన్నీ తాకట్టులోకి వెళ్లాక మంచం మీద కూర్చుని దుప్పటి చుట్టుకుని, చెయ్యి పట్టేంత చిల్లు దానికి కత్తిరించుకుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసేవాడని అతన్ని ఎరిగినవాళ్లు రాశారు. బయటికి వెళ్లక తప్పకపోతే మెడకూ ముంజేతులకూ తెల్ల కాగితం చుట్టుకునేవాడు. జాన్సన్ ఒకసారి చిల్లర పోగుచేసి ఆ బట్టలు విడిపించాడు. రెండు రోజుల్లో మళ్లీ తాకట్టుకే వెళ్లాయి.

తాకట్టు బట్టలే ఆలివర్ గోల్డ్‌స్మిత్‌నూ జైలు అంచుకు తెచ్చాయి. 1757లో 'మంత్లీ రివ్యూ' యజమాని రాల్ఫ్ గ్రిఫిత్స్ అతన్ని తిండీ గదీ ఇచ్చి తన ఇంట్లోనే పెట్టుకుని రాయించుకున్నాడు. ఏడాది ఒప్పందం అయిదు నెలలకే తెగింది. 1758 డిసెంబరులో గోల్డ్‌స్మిత్ ఆసుపత్రి ఉద్యోగం కోసం సర్జన్ల సంఘం పరీక్షకు వెళ్లాలి, వేసుకోవడానికి మంచి బట్టలు లేవు. నాలుగు సమీక్షలు రాసిస్తే దర్జీకి తాను పూచీ ఉంటానన్నాడు గ్రిఫిత్స్. సమీక్షలు అచ్చయ్యాయి, పరీక్ష పోయింది. కొన్నాళ్లకే ఇంటి యజమానిని అప్పు కింద పట్టుకుపోతే, అతని భార్య ఏడుస్తూ వచ్చింది. అతనికి తానూ అద్దె బాకీ ఉన్న గోల్డ్‌స్మిత్ ఆ కొత్త బట్టలు తాకట్టు పెట్టి డబ్బిచ్చాడు. సమీక్షకు వచ్చిన పుస్తకాలు ఇంకో చోట కుదువకు వెళ్లాయి. బట్టలైనా డబ్బైనా వెంటనే కావాలి, లేకపోతే కేసు పెడతానన్నాడు గ్రిఫిత్స్. జైలు తప్ప తనకు దారి కనిపించడం లేదని, దాన్నిప్పుడు మేలుగానే భావిస్తానని గోల్డ్‌స్మిత్ 1759 జనవరిలో జవాబు రాశాడు.

బయటపడే దారి ఒకటుండేది: ముందస్తు చందాలు. కవి అలెగ్జాండర్ పోప్ 'ఇలియడ్' అనువాదానికి సంపుటానికి ఒక గినీ (పౌండు కంటే కాస్త ఎక్కువ) చొప్పున ముందే చందాదారుల్ని చేర్చుకుని, మొత్తం మీద 5,000 పౌండ్ల దాకా సంపాదించాడు. కానీ దానికి పెద్దింటి పరిచయాలు కావాలి, చందాలు పోగయ్యేదాకా ఆగే ఓపిక, తిండి కావాలి. పెద్ద పేరొచ్చినా ఆగలేని స్థితి ఎలా ఉంటుందో జాన్సన్ చూపిస్తాడు. నిఘంటువుకు 1746లో కుదిరిన మొత్తం 1,575 పౌండ్లు. ఆరుగురు సహాయకుల జీతాలు, కాగితం, ఇంటి ఖర్చు అందులోంచే, పని సాగుతుండగానే తీసుకున్నాడు. పుస్తకం వచ్చేనాటికి అదంతా అయిపోయింది. మరుసటి ఏడు, 1756 మార్చిలో, 5 పౌండ్ల 18 షిల్లింగుల బాకీకి అరెస్టయి, నవలాకారుడూ ముద్రాపకుడూ అయిన శామ్యూల్ రిచర్డ్‌సన్‌కు కబురు పంపాడు. రిచర్డ్‌సన్ 6 గినీలు పంపాడు.

అచ్చుహక్కు శాశ్వతమా కాదా అన్న తగవు 1774లో ప్రభువుల సభలో తేలింది. చట్టం చెప్పిన గడువు తీరాక హక్కు ఉండదన్నారు. వాదులూ ప్రతివాదులూ పుస్తక విక్రేతలే, ఒక పక్క లండన్ వాళ్లు, ఇంకో పక్క ఎడిన్‌బరో నుంచి వచ్చిన అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్. తగవు జేమ్స్ థామ్సన్ కవిత్వం గురించి. థామ్సన్ చనిపోయి అప్పటికి 26 ఏళ్లు. 1726లో తన 'వింటర్' కావ్యాన్ని అతను 3 గినీలకు అమ్ముకున్నాడు. 1769లో లండన్ విక్రేతలు అతని కవితల హక్కును వేలంలో 505 పౌండ్లకు కొన్నారు.